జాలికి అడ్డం

కారంపూడి దాటాక కారు రోడ్డు పక్కన ఆగింది. మొగుడు బానెట్ ఎత్తగానే ఆవిరి ఎగజిమ్మింది. వెనక సీట్లో పడుకున్న తన తల్లి దగ్గర్నుంచి పెళ్ళాం దిగి వచ్చింది.

“మూత ముట్టుకోమాక, మొహం కాలిద్ది. చల్లారనీ.”

“రేడియేటర్లో నీళ్ళు పొద్దున్నే నిండా పోశా. ఫ్యానూ తిరుగుతానే ఉంది. ఇంకేముంటదే?”

“ఫ్యాను తిరిగితే సరా? లోపలికి గాలేది? బండి ముందు జాలికి అడ్డంగా మీ నాయకుడి ఫ్లెక్సీ కట్టావుగా!”

“అది నిన్న ర్యాలీకి కట్టింది. అదేం చేసిద్దే?”

“అది కట్టకముందు ఎప్పుడన్నా ఇట్టా కాగిందా? పీకెయ్.”

“ఊళ్ళో ఎవురన్నా చూస్తే పార్టీ మారాననుకుంటారే.”

“అమ్మకు ఆయాసం ఎక్కువవుతా ఉంది. నరసరావుపేట ఆసుపత్రి దాకా ఈ బండే గతి. పీకుతావా, నన్ను పీకమంటావా?”

“చింపమాక! నేనే విప్పుతా.”

“ఆవిరి తగ్గింది. ఇంక దాన్ని ఆ కాలవ గట్టున పారేసి బండెక్కు.”

“ఆయన మొహాన్ని మట్టిలో పారేస్తానా? మడిస్తే బొమ్మ మీద గీతలు పడతయ్యి. వెనక సీట్లో పరుస్తా.”

“వెనక అమ్మ పడుకుందయ్యా!”

“తెలుసులే. కాస్త కాళ్ళు ముడుచుకోమను.”