శుక్రవారం రిపోర్టు

సౌదీలోని దమ్మాం, 1992. రైల్వే ఆఫీసులో కంప్యూటర్ ఎంట్రీలు చేసే అబ్బా శుక్రవారం నమాజు నుంచి వచ్చేసరికి, రైల్వే యార్డులో పనిచేసే తెలంగాణ ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను పరదా వెనకే ఉండిపోయాను.

"సార్, నీళ్ల ట్యాంకర్ వ్యాగన్ ఎడారిల పట్టాలేసే క్యాంపుకు చేరిందని కంప్యూటర్ల ఎవరు రాసిండ్రు?"

"నేనే. శుక్రవారం పొద్దున ఎప్పుడూ చేరేదే కదప్పా. ఇవాళ సెలవని నిన్ననే టైపు కొట్టేసినా. రిపోర్టు ఆలస్యమైతే మేనేజరు ఊరుకోడు."

"రిపోర్టు టైముకే పోయింది, ట్యాంకరే పోలే. ఇరుసు వేడెక్కి యార్డులనే ఆగింది."

"ఇంకోటి పంపమని కంట్రోల్ రూముకు ఫోన్ చేయకపోయినావా?"

"చేసిన. కంప్యూటర్ చేరిందంటుంటే నీ మాటెట్ల నమ్మాలె అంటున్నరు."

"ఇప్పుడు దిద్దితే నా పేరు, టైము రెండూ పడతాయి, చూడకుండానే రాసినానని తెలిసిపోతుంది. వీసా ఇచ్చిన కఫీల్ పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర కొట్టించి ఊరికి పంపుతాడు. పిల్లదాన్ని మొన్ననే తెచ్చుకున్నా."

"క్యాంపుల నలభై మందున్నరు సార్. మా తమ్ముడు రాజేశం ఉన్నడు. పొద్దుగాలనే నీళ్లయిపోయినయంట."

అబ్బా గదిలో అటూ ఇటూ తిరిగాడు.

"ఆఫీసు తాళం నా దగ్గరే ఉంది. బండి తెచ్చినావా?"

"బయటనే ఉన్నది."

"పద, పోయి దిద్దేస్తా. అఫ్షాన్, బీరువా మీది సూట్‌కేసు దించి పెట్టు బేటా."