చక్రం కింద శనగలు

"ముట్టుకోకండమ్మా, చెయ్యి వెనక్కి తీసుకోండి, ఈ శనగలకి పురుగుమందు పట్టించి ఉంది!"

రెండువేల రెండు, అక్టోబరు. చిలకలూరిపేటకి ఆరు మైళ్ల దూరంలో ఓ ఊరు. మంగళవారం మధ్యాహ్నం, తన ఇంటి వెనక వసారాలో, మెకానిక్ సంజీవరావు విప్పిన వాషింగ్ మిషను ముందు అనీసా చాచిన చెయ్యి చాచినట్టే ఆపేసింది.

"పురుగుమందేంటి సంజీవరావు గారూ? బట్టలుతికే మిషన్లో పురుగుమందేంటి?"

"ముందు మీరు చేతులు కడుక్కోండి. సబ్బుతో. మోచేతుల దాకా."

"నేను ముట్టుకోలేదు. మీరు టబ్బు అడుగు చక్రం ఊడదీస్తే వంగి చూశానంతే. అవునూ, పురుగుమందని మీకెలా తెలిసింది?"

"వాసనమ్మా. వాసనొస్తోందిగా."

"నాకు సబ్బుపొడి వాసనే వస్తోంది."

"పోనీ రంగు చూడండి. వండుకునే శనగలు ఇంత ఎర్రగా ఉంటాయా? విత్తనానికి మందూ రంగూ కలిపి పట్టిస్తేనే ఇలా ఉంటాయి. నీళ్లు తాగి ఉబ్బి, చక్రం కింద బిగుసుకుపోయాయి. అందుకే మిషను మూలిగి మూలిగి ఆగిపోతోంది. మోటారు బానే ఉంది, బెల్టు బానే ఉంది. ఇవి ఏరి పారేస్తే తిరుగుద్ది."

"తిరగడం సంగతి తర్వాత. ఆదివారం పాప బట్టలన్నీ నేనిందులోనే ఉతికాను! గౌన్లు, పక్క గుడ్డలు, కప్పే దుప్పటి, అన్నీ!"

"పాప... పాప ఇంట్లోనే ఉందామ్మా?"

"ఇంట్లో ఉంటే మిమ్మల్నింత హడావుడిగా ఎందుకు పిలిపిస్తాను? పేటలో ఆసుపత్రిలో ఉంది. ఆదివారం సాయంత్రం నుంచీ వాంతులు, విరేచనాలు. మావారూ, మా అత్తయ్యా దగ్గరున్నారు. ఉన్న గుడ్డలన్నీ పాడయ్యాయి, ఉతికి తీసుకెళదామని నేనింటికొస్తే ఇది తిరగలేదు."

"ఎన్నో నెల పాపకి?"

"ఎనిమిది నిండాయి. ఏంటి, స్పానర్లు సర్దేస్తున్నారు?"

"ఏం లేదమ్మా. చేతికడ్డంగా ఉన్నాయని. ఏం లేదు."

"మామయ్యా! మామయ్యా, ఒక్కసారి ఇటు రండి!"

"ఏంటమ్మాయ్? ఆసుపత్రి నుంచి ఫోనొచ్చిందా?"

"లేదు. ఇదిగో, ఈ శనగలు చూడండి. దూరం నుంచే చూడండి. మన మెట్టచేలో వేద్దామని మీరు తెచ్చిన విత్తనమేనా?"

"నా విత్తనం నా మంచం కింద ఉంది. రెండు సంచులు."

"మందు కలపడానికి మిషన్లో పోసి తిప్పారా?"

"మిషన్లో పోసి తిప్పడమేంటి, మతుండే మాట్లాడుతున్నావా?"

"మీరేగా అన్నారు! శుక్రవారం ఇది ఇంటికి దిగిన రోజున మీరేగా అన్నారు, దీన్లో విత్తనాలు పోసి తిప్పితే కూలోళ్లతో పనిలేదని!"

"నవ్వులాటకన్నానమ్మాయ్! నవ్వులాటకన్న మాట పట్టుకుని... పో, పోయి మంచం కింద చూసుకో. సంచుల కుట్టు ఊడిందేమో చూసుకో."

"చూస్తాను. చూడకుండా ఎందుకుంటాను."

"ఏవయ్యా మెకానిక్కూ, ఏం చెప్పావు మా కోడలికి?"

"నేనేం చెప్పలేదండీ అల్లాబక్షు గారూ. శనగలు బయటపడ్డాయి, చూపించాను. అంతే."

"మరి చేతిగుడ్డ పరిచి అవన్నీ మూట కడుతున్నావెందుకు?"

"ఇక్కడుంటే మంచిది కాదని. అసలీ మిషను ఇక్కడ బాగయ్యేట్టు లేదండీ. ఆటో పిలుచుకొచ్చి షాపుకి తీసుకెళతాను. రెండ్రోజుల్లో తెచ్చిస్తాను."

"ఇప్పుడేగా, గింజలేరేస్తే తిరుగుద్దన్నావు? గది దాకా వినపడింది."

"అన్నాను గానీ... గేరుబాక్సు కూడా చూడాలి."

"మామయ్యా, రెండు సంచుల కుట్టూ ఊడలేదు."

"విన్నావా? నా గింజ ఒక్కటి బయటికి రాలేదు."

"సంచుల అడుగు చూశారామ్మా? చిల్లు పడి ఉంటుంది. ఎలకలు లాక్కొచ్చి..."

"ఎలకలు గింజలకి మందు పూసి, రంగేసి, నువ్వు స్పానరు పెట్టి అరగంట తిప్పితే గానీ ఊడని చక్రం కింద దాచుకున్నాయా? ఏవయ్యా, నీ మొహం చూస్తే నాకు తేడాగా ఉంది. అసలీ మిషను మావాడికి అమ్మేటప్పుడు ఎక్కడిదని చెప్పావు?"

"గుంటూరులో ఓ ఆఫీసరు గారింట్లోదండీ. బదిలీ అయి వెళ్లిపోతూ అమ్మేశారు. షానవాజ్ గారికి ఆ రోజే చెప్పాను."

"వెనక కంపెనీ చీటీ ఏది?"

"పాతవాటికి ఊడిపోద్దండీ."

"ఊడినట్టు లేదు. బ్లేడు పెట్టి గీకినట్టుంది."

"చీటీ లేకపోయినా మాకు తెలుస్తుందండీ. పైన మూత తెరుచుకునే రకం, లోపల ఇనప టబ్బు, గేరుబాక్సుకి నాలుగు బోల్టులు, నీళ్లు ఎడంపక్క నుంచి పోతాయి. ఇది పదేళ్ల పైబడిన మోడలు. ఇప్పుడు రావట్లేదు. సామాను దొరకడం కూడా కష్టం. నేనే వెతికి బెల్టు మార్చి..."

"చీటీ సంగతడిగితే బోల్టుల లెక్క చెప్తావేంటయ్యా?"

"మామయ్యా, ఆగండి. ఆయన్ని వదిలేయండి. మీరు నా మొహం చూసి మాట్లాడండి. ఆదివారం పొద్దున మీరు ఈ వసారాలోకి ఎందుకొచ్చారు?"

"వసారా నాది. వస్తాను, పోతాను."

"మిషను తిరిగిన చప్పుడు విన్నాను నేను. పాపకి పాలు పడుతూ విన్నాను. అత్తయ్య అనుకున్నాను. అత్తయ్య ఆ పూట నడుం పట్టేసి మంచం దిగలేదని తర్వాత గుర్తొచ్చింది."

"ఏమో. ఎవరు తిప్పారో ఏమో."

"మామయ్యా."

"ఎవరు తిప్పారో నాకేం తెలుసమ్మాయ్? ఫోను మోగుతోంది, ముందు ఫోను చూడు!"

"హలో! ఏవండీ, పాపెలా... ఏంటి? సరిగ్గా చెప్పండి, ఏడవకండి, సరిగ్గా చెప్పండి. నురగా? నోట్లోంచి నురగా? ఫిట్సొచ్చాయా! ఎప్పుడు? ఇప్పుడేనా? డాక్టరు గారేరి? ఆయనకివ్వండి, ఫోను ఆయనకివ్వండి."

"ఏమంటున్నాడమ్మాయ్? ఏమంటున్నాడు మావాడు?"

"ఉండండి మామయ్యా! డాక్టరు గారూ, నేనండీ, పాప తల్లిని. అవునండీ. అవును, మీరడిగేదీ అదేనా? ఇప్పుడేనండీ బయటపడింది. బట్టలుతికే మిషన్లో పురుగుమందు కలిపిన గింజలున్నాయి. పాప బట్టలన్నీ అందులోనే... ఒంటికి అంటుకునే ఎక్కిందంటారా? రెండ్రోజులూ అవే గుడ్డలండీ. ఆసుపత్రికి కూడా అవే తెచ్చాను. ఇప్పుడు కప్పి ఉన్న దుప్పటి కూడా... తీసేయండి! తీసేయించండి దాన్ని! ఏ మందా? తెలీదండీ. పేరు తెలీదు."

"యా అల్లా."

"పేరు తెలియకపోతే ఇవ్వలేరా? ఒకదానికిచ్చే ఇంజక్షను ఇంకోదానికి పనికిరాదా? ఎండోసల్ఫాను అయితే ఒకటి, మోనో రకం అయితే ఒకటి... అర్థమైందండీ. తప్పు మందుకి వైద్యం చేస్తే పిల్ల తట్టుకోలేదు, అర్థమైంది. ఫోను పెట్టెయ్యకండి. పెట్టెయ్యకండి, ఇక్కడే కనుక్కుని చెప్తాను. మామయ్యా! విన్నారుగా? ఏ మందు?"

"నన్నడుగుతావేంటమ్మాయ్..."

"ఇంకెవర్నడగను? గొడ్లచావిట్లో పురుగుమందు డబ్బాలు ఎవరివి? ఆదివారం మిషను తిప్పింది ఎవరు? అక్కడ మీ మనవరాలు కొట్టుకుంటోంది మామయ్యా, మీ కాళ్లు పట్టుకుంటాను, పేరు చెప్పండి!"

"అమ్మా, కాళ్లు వదులు. వదులు తల్లీ, చెప్తాను. నేనే. ఆదివారం పొద్దున పత్తికి మందు కొట్టి వచ్చా. చొక్కా, పంచె తడిసిపోయాయి. మీ అత్తయితే వాటిని ఎప్పుడూ ఇంట్లోకి రానిచ్చేది కాదు, బోరు కాడే విడిగా ఉతికేది. ఆవిడ లేవలేదుగా. ఆ కంపు గుడ్డలు నీతో ఉతికించడం బాగోదనుకున్నా. మిషనుందిగా, అందులో పడేస్తే అదే ఉతుకుద్దని వేశా. నువ్వు ఆ తర్వాతే పాప గుడ్డలేశావు."

"నేను వేస్తుంటే చూశారా?"

"చూశానమ్మా. చూశాను."

"చూసి ఊరుకున్నారా! ఆసుపత్రిలో రెండ్రోజుల్నుంచీ తిండి పడలేదా, పాలు పడలేదా అని నన్నడుగుతుంటే పక్కనే నిలబడి విన్నారుగా! నా పాలల్లోనే ఏదో ఉందని అత్తయ్య అంటే విన్నారుగా!"

"భయమేసింది తల్లీ. ముందు తోచలేదు. తోచాక నోరు రాలేదు. నా చేతుల్తో ఎత్తుకు తిప్పిన పిల్లని నేనే... ఈ నోటితో ఎలా చెప్పేది?"

"ఏం మందు?"

"ఎండోసల్ఫాను. మనింట్లో అదొక్కటే ఉంది. చావిట్లోకెళ్లి చూసుకో. చెప్పు, డాక్టరుకి చెప్పు. పోలీసులకి కూడా చెప్పు. నేనే చేశానని చెప్పు."

"డాక్టరు గారూ, ఉన్నారా? తెలిసిందండీ. మా మామయ్య గారి చొక్కా..."

"అమ్మా, ఆగండి."

"వినపడుతోందా డాక్టరు గారూ? ఆ మందు పేరు..."

"అమ్మా, చెప్పకండి! ఆ పేరు చెప్పకండి!"

"చెయ్యి తియ్యండి సంజీవరావు గారూ! ఫోను మీద చెయ్యి తియ్యండి!"

"తప్పు పేరు చెబితే పిల్ల పోద్దమ్మా! ఎండో కాదు. పెద్దాయన చొక్కా కాదు."

"ఆయనే ఒప్పుకుంటుంటే మధ్యలో మీరెవరు? తియ్యండి చెయ్యి!"

"చొక్కా మీద మందు పడితే శనగలెక్కడ్నుంచొచ్చాయమ్మా? ఒక్కసారి ఆలోచించండి. చొక్కా జేబులోంచి అన్ని గింజలొస్తాయా?"

"సంజీవరావు, ఏమంటున్నావయ్యా నువ్వు?"

"ఆయన ఎండో గుడ్డలు వేసి ఉండొచ్చండీ. ఎంత వేసినా ఒక చొక్కా, ఒక పంచె. నీళ్లతో పోయింది పోగా ఏం మిగులుద్ది? గింజలు అలాక్కాదు. శుక్రవారం నుంచీ మీరు ఉతికిన ప్రతి గుడ్డా వాటి మీద నానిందమ్మా. వాటికి పట్టించింది మోనో."

"మోనో అని మీకెలా తెలుసు?"

"ఫోనివ్వండమ్మా."

"మీకెలా తెలుసో చెప్పండి ముందు!"

"చెప్తాను, ఫోన్లోనే చెప్తాను, మీరూ వినండి. చెప్పాక పెద్దాయన కర్ర తీసుకున్నా, మీరు ఊరంతా పిలిచినా నేనిక్కణ్నుంచి కదలను. కానీ ముందు ఫోనివ్వండి. ఇప్పటికే ఎంతసేపయిందో చూడండి."

"ఇవ్వమ్మాయ్. ఇవ్వు. చెప్పనీ."

"తీసుకోండి. ఒక్క అబద్ధం వచ్చిందా సంజీవరావు గారూ, ఒక్కటంటే ఒక్కటి..."

"రాదమ్మా. డాక్టరు గారూ, రాసుకోండి, మోనోక్రోటోఫాస్. అవునండీ, మోనోనే. రూఢిగా తెలుసు. ఈ మిషను టబ్బు అడుగున మిగిలిన మందుని నా చేత్తో నేనే వంపాను. ఇంజక్షను మొదలుపెట్టమని చెప్పండి, మొదలుపెట్టమన్నాక మిగతాది చెప్తాను. పెడుతున్నారా? మంచిదండీ. నా పేరు సంజీవరావు, పేటలో మిషన్లు బాగుచేస్తుంటాను. ఇది ఆఫీసరింట్లోది కాదండీ, విత్తనాల గోడౌనులోది. మూడేళ్లు దీంట్లో శనగలు పోసి మోనో కలిపి తిప్పారు, పనికిరాదని తుక్కు కింద పడేస్తే నేను కొన్నాను. మూత మీద గోడౌను పేరుంటే రంగేశాను, వెనక చీటీ గీకేశాను, ఈ చక్రం బోల్టు తుప్పుపట్టి రాకపోతే నాలుగు బిందెల నీళ్లు పోసి తిప్పి సరిపెట్టాను. శుక్రవారం దీన్ని ఈ వసారాలో దించుతుంటే ఉయ్యాల్లో పిల్ల నన్ను చూసి నవ్విందండీ, చూశాను, చూసి కూడా ప్లగ్గు పెట్టి, తిరుగుతోందని వీళ్లకి చూపించి, మంచినీళ్లు తాగి పోయాను."