చింతపండుతో కడిగిన పెట్రోలు ట్యాంకు

"అమ్మమ్మా, తాతయ్య కారు పెట్రోలు ట్యాంకు నువ్వే కడిగేవుట, నిజమేనా?"

ఎవరు చెప్పేరే నీకు? మీ అమ్మేనా? నిజమే. నేనొక్కర్తినీ కాదులే, ఇద్దరం కడిగేం. మా పెళ్ళైన రెండో ఏడు... కాదు, మొదటేడే. డెబ్బై మూడో నాలుగో అయ్యుంటుంది.

మా మావగారు పెద్ద పండితులు. అమలాపురం చుట్టుపక్కల ఆయన లేకుండా పెళ్ళి జరిగేది కాదు. మీ తాతయ్యకీ మంత్రాలన్నీ వచ్చు, మనసే ఇంజన్లమీద. మండపేటలో ఓ రైసుమిల్లు షెడ్డులో, తవుడు బస్తాల వెనకాల పడున్న పాత కారు కొనేసి, జొన్నాడ మీంచి లారీకి తాడు కట్టి లాక్కొచ్చేరు, టాక్సీ తిప్పుతానని. పెట్రోలు అప్పుడెంతో చెప్తే నువ్విప్పుడు నవ్వుతావు. అయినా మాకదే ఎక్కువ.

మావగారు అరవలేదు. "ఒరేయ్, మన మాస్టారు వాళ్ళమ్మాయి పెళ్ళి కుదరాలని మురమళ్ళలో వీరేశ్వరస్వామి కల్యాణం చేయిస్తున్నారు. వాళ్ళని నువ్వే తీసికెళ్ళు, నేనూ వస్తాను. దారిలో ఆగకపోతే కారు నీది. ఆగిందా, అమ్మేసి కొత్తపేటలో పౌరోహిత్యానికి వెళ్ళాలి. వాళ్ళకి మాటిచ్చేను" అన్నారు. ఆ కొత్తపేటవాళ్ళని కూడా మురమళ్ళ రమ్మని కబురు పెట్టేరు. కారు ఆగుతుందని ఆయనకంత నమ్మకం.

ట్యాంకు విప్పి చూస్తే ఏవుందీ, లోపలంతా తుప్పు. అడుగున మడ్డి, ఏడాది తిరిగిన ఆవకాయ జాడీ అడుగులా. ఇత్తడి బిందె చింతపండుతో తోమితే మెరవదూ, ఇనుమేం పాపం చేసిందీ అన్నాను. ఆయన నవ్వేరు. నవ్వి, మళ్ళీ ఆయనే గుండిగ తెచ్చేరు. పాత చింతపండు నానేసి, ఆ పులుసు ట్యాంకులో పోసి, తెగిపోయిన సైకిలు చైను కూడా పడేసి మూతులు బిగించేం. మా అత్తగారు "చారుకి లేకుండా కారుకి పోస్తోంది కోడలు" అని సణుక్కున్నారు.

ఇహ దాన్ని ఊపడం మావల్ల అవుతుందిటే? మా కొబ్బరితోట చూసే సత్తిరాజు రెండెడ్ల బండిమీద కాయలు తోలుతున్నాడు. అడిగితే, "ఆయ్, కట్టేయండమ్మా, బండి ఎలాగూ తిరగాలి కదండీ" అన్నాడు. ఆ గట్లమీద, ఆ గోతుల్లో పొద్దస్తమానం బండి తిరిగితే లోపల చైను గీకింది గీకినట్టు. సాయంత్రం వంపితే గోదారి ఎర్రనీళ్ళే. మర్నాడు మళ్ళీ పోసేం. తరవాత చాకలిసోడా నీళ్ళతో కడిగి బోర్లించి ఎండబెట్టేం. తడి మిగిలితే మళ్ళీ తుప్పు పడుతుందనీ, పెట్రోల్లో నీళ్ళు పడితే ఇంజను ఆగిపోతుందనీ ఆయన పదేపదే తడిమి చూసుకునేవారు. ఆఖర్న కాస్త పెట్రోలు పోసి, తిప్పి పారబోసేరు. నా చేతులు నెల్లాళ్ళు మండేయిలే.

బయల్దేరే రోజు మావగారు కారుకి పుణ్యాహవాచనం చేసి, చుట్టూ నీళ్ళు చిలకరించేరు. భోజనాలయ్యేక కదిలేం. ముందు మగవాళ్ళు ముగ్గురూ, వెనకాల మాస్టారి భార్యా, అమ్మాయీ, నేనూను. ముమ్మిడివరం ఇంకా రాలేదు, కారు దగ్గి దగ్గి ఆగిపోయింది.

మీ తాతయ్య కిందకి దూరి ట్యాంకు అడుగు బోల్టు విప్పేరు. నేనే చెంబు పట్టేను. నీళ్ళు! పెట్రోలు కాదు, శుభ్రమైన నీళ్ళు, దాంతోపాటు ఓ తులసి దళం. నేను మావగారికేసి చూసేను. ఆయన తలొంచుకున్నారు. ఎన్ని చేతులు మారిన కారో, పైన చిలకరిస్తే చాలదు, లోపల కూడా శుద్ధి అవ్వాలని, కలశంలో నీళ్ళు ట్యాంకులో పోసేసేరే మహానుభావుడు. కావాలని చెయ్యలేదు, అది ఒట్టేసి చెప్తాను. కొడుకు క్షేమంగా ఉండాలనే పోసేరు.

మాస్టారు అడిగేరు, "ఏవైందండీ?" అని. మీ తాతయ్య ఆ దళం గుప్పిట్లో మూసేసి, "ఏం లేదండీ, నేను సరిగ్గా కడగలేదు, తుప్పు మిగిలింది" అన్నారు. నాకెంత ఒళ్ళు మండిందనుకున్నావు? అంత చాకిరీ చేసి, ఆ ఒక్క మాటతో కారు పోగొట్టుకుంటున్నారని. ఏడుపొచ్చేసింది కూడాను. కానీ నలుగురిలో తండ్రిని ఎలా తక్కువ చేస్తారే?

పైపులు ఊది బిగిస్తే కారు మళ్ళీ కదిలింది. కల్యాణం వేళకి అందుకున్నాంలే. స్వామికి తలంబ్రాలు పోస్తుంటే కొత్తపేటవాళ్ళు మావగారి పక్కన కూచుని అడిగేరు, "మీ అబ్బాయిని ఎప్పుడు పంపుతున్నారండీ?" అని. నేను స్తంభం వెనకాల నుంచుని వింటున్నాను.

మావగారు వాళ్ళకి దణ్ణం పెట్టేరు. జన్మలో మాట తప్పని మనిషి. "మన్నించండి, మావాడు రాడు. వాడికి వాడి పనుంది. నన్నిక్కడికి తీసుకొచ్చింది వాడే" అన్నారు.

అదేనే. ఆ తరవాత ముప్ఫయ్యేళ్ళు టాక్సీయే మాకు అన్నం పెట్టింది... చల్లగా ఉండు తల్లీ. నీకు నచ్చిన పనే నీకు దొరకాలి. దానికి పెద్దాళ్ళెవరూ అడ్డం రాకూడదు, నేనైనా సరే.