కాపెల్‌లో ఉచిత క్షవరం

శనివారం పొద్దున మల్లికార్జున్ గారి గరాజ్‌లో కార్లుండవు, మనుషులుంటాం. కార్లు రెండూ బయట డ్రైవ్‌వేలో ఎండకి మాడుతుంటే, లోపల మధ్యలో ఓ పాత ఆఫీసు కుర్చీ, దాని చుట్టూ మడత కుర్చీల్లో మేం. ఆయన ఇరవై ఏళ్లుగా టెక్సాస్‌లోని ఈ కాపెల్‌లో ఉన్నా మాట మాత్రం తెనాలి దాటి రాలేదు. ఖర్చులు పెరిగిపోయాయని ఆయన దగ్గర ఎవరైనా నోరు జారితే చాలు, ఆ వారం వాళ్ల జుట్టు ఆయన చేతిలో పడ్డట్టే.

ఆ శనివారం కుర్చీలో నిశాంత్ ఉన్నాడు. లేఆఫ్ అయి నెల దాటింది. ఇంకో ఉద్యోగం త్వరగా దొరక్కపోతే వీసా అయిపోతుంది, సూట్‌కేసులు సర్దుకోవాల్సిందే. దేవుడి దయవల్ల దగ్గర్లోని ప్లేనోలో ఒక కంపెనీ ఫైనల్ రౌండ్‌కి పిలిచింది. సోమవారం పొద్దున, స్వయంగా రమ్మంది. కెమెరా ముందు ఒకడు కూర్చుంటే పక్క గదిలోంచి ఇంకొకడు జవాబులు చెబుతున్నాడని ఈ మధ్య అందర్నీ ఎదురుగా కూర్చోబెట్టి చూస్తున్నారు. ఎదురుగా కూర్చోవాలంటే తల బాగుండాలి. సెలూన్‌కి పెట్టే డబ్బుతో వారం కూరగాయలొస్తాయని నిశాంత్ అనడం, అది మల్లికార్జున్ గారి చెవిన పడటం ఒకేసారి జరిగాయి. తర్వాతి వంతు నాది. నా పక్కన హర్షవర్ధన్, వరంగల్ వాడు, దేన్నీ ఊరికే నమ్మే రకం కాదు.

"ముప్పై అయిదు డాలర్లయ్యా హెయిర్‌కట్," అని మొదలుపెట్టారాయన, నిశాంత్ మెడ చుట్టూ పాత దుప్పటి బిగిస్తూ. "అది బోర్డు మీద రేటు. అసలు కథ ఆ తర్వాతుంటుంది. స్క్రీన్ ఇటు తిప్పుతారు చూడు, టిప్పు పద్దెనిమిది శాతమా, ఇరవయ్యా, పాతికా అని. వెనకాల నిలబడ్డ అమెరికా అంతా మన వేలి వైపే చూస్తుంటుంది. ఒకసారి నా వేలు వణికి పాతిక మీద పడింది. ఇంటికొచ్చి రూపాయల్లోకి మార్చి చూసుకున్నా, ఇంక అన్నం దిగితే ఒట్టు. మా తెనాల్లో ఆ డబ్బుకి వీధి వీధికీ గుండ్లు కొట్టించి, మిగిలిందాంతో నూనె కూడా రాయించొచ్చు. అప్పుడు పట్టా ఈ ట్రిమ్మరు. సేల్‌లో కొన్నా. ముందు మావాడికి చేశా, అప్పుడు చిన్నపిల్లాడు. స్కూల్లో టీచరమ్మ ఏ సెలూన్ బాబూ అని అడిగిందట. మా డాడీ అన్నాట్ట వీడు. ఆవిడ నమ్మలా. ఇంతే జరిగింది, ఇందులో ఒక్క అక్షరం ఎక్కువ చెప్పలా నేను."

"ఇంతవరకైతే నమ్ముతున్నం అన్నా," అన్నాడు హర్షవర్ధన్.

ఆ మాటకి ఆయనకి ఊపొచ్చింది. ట్రిమ్మర్ నడుస్తుండగానే మా వైపు తిరిగి, టీచరమ్మ కళ్లు ఎంత పెద్దవయ్యాయో చూపించబోయారు. ట్రిమ్మర్‌కి తొడిగిన ప్లాస్టిక్ దువ్వెన ఊడి కింద పడింది. ఆయన చెయ్యి మాత్రం ఆగలేదు. నిశాంత్ మెడ దగ్గర్నుంచి చెవి పై దాకా, రెండు వేళ్ల వెడల్పున, నున్నగా ఒక దారి పడింది.

ఆయన చూశారు. నేను చూశాను. హర్షవర్ధన్ కూడా చూశాడు. చూడనిది నిశాంత్ ఒక్కడే, ఎందుకంటే ఆ గరాజ్‌లో అద్దం లేదు. అద్దమెందుకు, నేనున్నాగా అని ఆయన పెట్టలేదు. మల్లికార్జున్ గారు ట్రిమ్మర్ కట్టేసి, మా ఇద్దరికీ పెదవి మీద వేలు పెట్టి చూపించి, కత్తెర తీసుకుని ఉత్త గాలిలో టకటకలాడించడం మొదలుపెట్టారు. ఏం చెయ్యాలో తోచేదాకా ఆయనకి కాస్త టైం కావాలి. టైం గడపడానికి ఆయనకి తెలిసిన విద్య ఒకటే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? టీచరమ్మ వాళ్లాయన్ని పంపింది. ఆయన వాళ్ల బాసుని పంపాడు. మా ఆఫీసులో నా టీమ్ టీమంతా దిగింది. ఇంక శనివారం వచ్చేసరికి లైను ఈ గరాజ్ దగ్గర మొదలై, స్టాప్ సైన్ దాటి, గ్యాస్ స్టేషన్ లైన్లో కలిసిపోయింది. కార్లో గ్యాస్ కొట్టించుకుందామని వచ్చినవాళ్లు కూడా తెలీక క్షవరం చేయించుకుని వెళ్లారు. ఇంటికెళ్లాక గానీ వాళ్లకి అనుమానం రాలా."

"డబ్బులు తీసుకునేవారా అంకుల్?" అన్నాడు నిశాంత్.

"పైసా తీసుకోలా. అక్కడే ఉంది దెబ్బ. నెలనెలా అంత మిగిలితే మనిషి ఏం చేస్తాడు? ముందు, బంగారం రేటు పలుకుతున్న గుడ్లు కొన్నాడు. గుడ్లు కొన్నాక ధైర్యం వచ్చింది. మా టీమ్‌లో ఒకడు హెయిర్‌కట్ల మీద మిగిలిన డబ్బుతో ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాడు, నాలుగు బెడ్రూములు, వెనకాల స్విమ్మింగ్ పూలు."

"హెయిర్‌కట్ పైసలతోనా?" అన్నాడు హర్షవర్ధన్.

"వాడి జుట్టు బాగా ఒత్తయ్యా."

నిశాంత్ నవ్వి, మెడ వెనక గోక్కోవడానికి చెయ్యి లేపాడు. మల్లికార్జున్ గారు ఆ చేతిని సగం దారిలో పట్టుకుని, కదలకు నాయనా అని మళ్లీ దుప్పటి కింద పెట్టి, కథని ఒక అంతస్తు పైకి లేపారు.

"మరి అంత జుట్టు ఏం చేశాననుకున్నావ్? పారేస్తానా? పెరుగు డబ్బా ఖాళీ అయితే కడిగి పోపు గింజలు పోసుకునే జాతి మనది. మూటలు కట్టి, ఎండ వేడి ఇంట్లోకి దిగకుండా పైన అటకంతా పరిచా. అది ఆగస్టు నెల. పక్కింటాయన కరెంటు బిల్లుకి భయపడి ఇంట్లో ఏసీ కట్టేసి లైబ్రరీలో కాపురం పెట్టాడు. మా ఇంట్లో మా ఆవిడ మీనాక్షి శాలువా కప్పుకుని కూర్చుంది. ఆ చలికి పాలు తోడుకోలా. టెక్సాస్‌లో, ఆగస్టులో, పెరుగు తోడు పెట్టాలంటే గిన్నె తీసుకెళ్లి ఎదరింటి వాళ్లకిచ్చొచ్చేది. ఏసీ అవసరం లేకపోయె. మీటరు కాసేపు నిలబడి ఆలోచించుకుని, వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. ఆ నెల కరెంటు వాళ్లే మాకు చెక్కు పంపారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అని నేనే అడిగాను. అడక్కపోతే కథ ఆగుతుంది. కథ ఆగితే నిశాంత్ లేచి ఇంట్లోకెళ్లి అద్దం చూసుకుంటాడు. సోమవారం ఇంటర్వ్యూ పెట్టుకున్న పిల్లాడికి ఈ సంగతి చెప్పే ధైర్యం నాకు లేదు. సిగ్గుగానే ఉంది గానీ, లేదు.

"ఊళ్లో సెలూన్లు రేటు దించాయి. వాళ్లు దించారని పిజ్జా వాళ్లు దించారు. పిజ్జా దిగితే టమాటా దిగింది. టమాటా దిగాక ఇంటద్దె నిలబడుతుందా? అద్దెకున్నవాళ్లు లీజు రెన్యూ చేసుకోవడానికి వెళ్తే, పోయినేడు మీ దగ్గర ఎక్కువ తీసుకున్నామండీ అని ఎదురు చెక్కు రాసిచ్చారు. అంబులెన్స్ వాళ్లు ఊరికే ఎక్కించుకుంటామని వీధుల్లో తిరిగారు, జనం ఆఫీసుకి కూడా అందులోనే పోయేవాళ్లు. డేకేర్ వాళ్లయితే మీరు పిల్లల్ని పంపండి చాలు, డబ్బు మేమిస్తామన్నారు. మా వీధి చివర కృష్ణవేణి గారని ఉన్నారు. ఆవిడ పిల్లలిద్దరూ అప్పటికే కాలేజీలో ఉన్నారు. వాళ్లని సెమిస్టర్ మధ్యలో పిలిపించి మరీ డేకేర్‌లో చేర్చింది. చివరికి ప్రాపర్టీ ట్యాక్స్ వాళ్లు తలుపు కొట్టి, ఈ ఏడాదికి వద్దులెండి అన్నారు."

హర్షవర్ధన్ కుర్చీలోంచి లేచాడు. "అన్నా, మీటర్ ఎనుకకు తిరిగిందంటే నమ్మిన. పెద్దపిల్లలు డేకేర్ల చేరిన్రంటే నమ్మిన. టెక్సాస్ల ప్రాపర్టీ ట్యాక్స్ వద్దన్నరంటే మాత్రం నాతోని కాదు."

"ఇల్లు కొన్నప్పట్నుంచీ నీకు దేవుడి మీద కూడా నమ్మకం పోయింది. కూర్చో."

అయిపోయిందా అని నిశాంత్ అడిగాడు. అయిపోవచ్చింది, ఫినిషింగ్ అన్నారాయన, గాలిని ఇంకాస్త జాగ్రత్తగా కత్తిరిస్తూ. నుదుటి మీద చెమట పట్టింది. నున్నటి దారికి అటూ ఇటూ ఉన్న జుట్టుని దువ్వెనతో దాని మీదికి దువ్వి చూశారు. అది నిలబడలేదు.

"అప్పుడు పుట్టింది వాషింగ్టన్‌లో కలవరం. దేశం మొత్తంలో ధరలు లెక్కేసే ఆఫీసు ఉంటుంది కదా, వాళ్లకి పిచ్చెక్కింది. పెరగాల్సిన అంకె పడిపోతోంది, ఎక్కడ కారుతోందో అంతుబట్టట్లా. మ్యాప్ పరుచుకుని వెతుక్కుంటూ వెతుక్కుంటూ టెక్సాస్‌లో దిగి, కాపెల్ పట్టుకుని, ఇదిగో ఈ గరాజ్ దగ్గర ఆగారు. ఓ ఆదివారం మేం ఉప్మా తింటుంటే ఎదురుగా హెలికాప్టర్ దిగింది. అందులోంచి సూటూ బూటూ వేసుకుని ఒక పెద్దమనిషి. పేరు చెప్పకూడదు, మాటిచ్చా. హెలికాప్టర్ గాలికి పచ్చిక వాలిపోయిందని మా కాలనీ సంఘం హెచ్‌ఓఏ వాళ్లు పరిగెత్తుకొచ్చి ముందు ఆయనకి ఫైన్ వేశారు."

"ఇది మాత్రం నిజమే ఉంటది," అన్నాడు హర్షవర్ధన్.

"ఇదే కుర్చీలో కూర్చున్నాడు నిశాంత్, నువ్వు కూర్చున్నావే, ఇందులోనే. దుప్పటి కూడా ఇదే. కళ్లనీళ్లు పెట్టుకున్నాడయ్యా. అయ్యా మల్లికార్జున్ గారూ, మీరిట్లా ఊరికే చేసుకుంటూ పోతే దేశం కుదేలవుతుంది, తలకి ఒక్క డాలరు పుచ్చుకోండి అన్నాడు. కుదరదన్నా. పోనీ అర డాలరు అన్నాడు. కాణీ కూడా పుచ్చుకోనన్నా. అప్పుడు గొంతు తగ్గించి, మీకు గ్రీన్ కార్డ్ ఇస్తాం, రేపు పొద్దున్నే చేతిలో పెడతాం అన్నాడు. అక్కడ మండింది నాకు. నాకొక్కడికీ ఏం చేసుకోను సార్ అన్నా. మావాళ్లు లక్షల మంది లైన్లో ఉన్నారు. పిల్లలు పుట్టి, పెరిగి, కాలేజీలకి పోతున్నారు గానీ వీళ్ల వంతు రాలా. ఉద్యోగం పోతే రోజులు లెక్కపెట్టుకుంటూ నిద్రపోతున్నారు. వీళ్లందరికీ ఒక్క పూటలో ఇచ్చెయ్యి, రేపట్నుంచి తలకి రెండు డాలర్లు తీసుకుంటా అన్నా."

పచ్చి అబద్ధమని అందరికీ తెలుసు. అయినా ఆ ఒక్క ముక్క నిజమైతే ఎంత బాగుండునని నాకు అనిపించింది. హర్షవర్ధన్ కూడా నేల చూపులు చూస్తున్నాడు.

"ఇచ్చారా అంకుల్?" అన్నాడు నిశాంత్. వాడి గొంతులో వెటకారం లేదు.

"సంతకమైంది. ప్రాసెసింగ్‌లో ఉంది," అన్నారు మల్లికార్జున్ గారు కొంచెం మెత్తగా. వెంటనే తేరుకుని గొంతు పెంచారు. "ఆ పెద్దమనిషి ఇప్పటికీ క్షవరానికి ఇక్కడికే వస్తాడు. ఆయన సంగతెందుకు, ఈ కాపెల్‌లో మనవాడన్నవాడు సెలూన్ గడప తొక్కి ఏళ్లయింది. ఒక్కణ్ణి, ఒకే ఒక్కణ్ణి చూపించు నాకు."

నిశాంత్ దుప్పటి కిందనుంచి చేతులు రెండూ బయటికి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అంకుల్, ట్రిమ్మర్ చప్పుడు ఆగి చాలాసేపైంది. వెనకాల చల్లగా గాలి కూడా తగులుతోంది. దాని సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఇది చెప్పండి. మీ జుట్టు ఎవరు కట్ చేస్తారు?"

కత్తెర ఆగింది. మేం మొదటిసారి ఆయన తల వైపు సరిగ్గా చూశాం. చెవుల దగ్గర సన్నగా దింపి, మెడ మీద గీత గీసినట్టు సరిచేసి, పైన ఎంత కావాలో అంత ఉంచిన క్రాఫు. అలాంటి క్రాఫు ఆ కుర్చీలోంచి లేచిన వాళ్లెవరికీ లేదు. ఎంత మొనగాడైనా తన తల వెనక తను కత్తిరించుకోలేడు కదా. ఇన్ని శనివారాలు వచ్చి కూర్చున్నాం, ఈ ప్రశ్న ఒక్కరికీ తట్టలేదు.

"మా మీనాక్షి చేస్తుంది," అన్నారాయన.

ఇంట్లోంచి గరాజ్‌లోకి వచ్చే తలుపు తెరుచుకుని మీనాక్షి గారు టీ ట్రేతో వచ్చారు. "ఏవండీ, మీ సెలూన్ వాళ్లు మెసేజ్ పెట్టారు. మూడింటి అపాయింట్‌మెంట్ కన్ఫర్మ్ చెయ్యమంటున్నారు," అని ట్రే బల్ల మీద పెట్టి, నిశాంత్ వెనక్కి వచ్చి ఆగిపోయారు. "అయ్యో అయ్యో, ఇదేంటి నాయనా?"

నిశాంత్ చెయ్యి వెనక్కి పెట్టి, మెడ దగ్గర్నుంచి చెవి దాకా మెల్లిగా తడుముకున్నాడు. అరుస్తాడనుకున్నాను. ఏడుస్తాడేమోనని కూడా భయపడ్డాను, వాడి బతుకంతా ఆ సోమవారం మీదే ఉంది. వాడు లేచి, దుప్పటి విప్పి, దులిపి, మడిచి కుర్చీలో పెట్టాడు.

"మూడింటి అపాయింట్‌మెంట్ నాది అంకుల్. బిల్లు మీది."

మల్లికార్జున్ గారు నిజంగానే బాధపడ్డారు, ముఖం చూస్తే తెలుస్తోంది. ఫోన్ తీసి సెలూన్‌కి కాల్ చేశారు. నా బదులు ఇంకో అబ్బాయి వస్తాడు, సోమవారం పెద్ద ఇంటర్వ్యూ ఉంది, మీలో అందరికన్నా మంచి చెయ్యి ఎవరిదైతే వాళ్ల దగ్గరే కూర్చోబెట్టండి, పక్కలు బాగా దింపితే వెనకాలది కలిసిపోతుంది అని ఇంగ్లీషులో ఓపిగ్గా బతిమాలుకున్నారు. వాళ్లు సరేనన్నట్టున్నారు, ముఖం తేటపడింది. అంతలో అవతలి మనిషి, అసలీ పని ఎవరు చేశారని అడిగినట్టుంది. ఆయన మా అందరి వైపూ ఒకసారి చూసి, ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకుని, "హిజ్ వైఫ్," అన్నారు.

నిశాంత్‌కి ఇంకా పెళ్లి కాలేదు.