మేస్త్రి పెట్టని సంతకం

అమ్మా, అయ్యా, మన షెడ్డు మనుషులందరికీ, ముందు వరసలో కూర్చున్న యజమానిగారికీ నమస్కారం. మన మేస్త్రి పోయి తొమ్మిది రోజులైంది. నిద్రలోనే గుండె ఆగింది. మైకు పట్టుకోవడం నాకిదే మొదటిసారి. మాట తడబడితే ఏమీ అనుకోకండి. అది ఏడుపొక్కటే కాదు, భయం కూడా.

మేస్త్రి మనకేం నేర్పారు? చక్రాల మీద ఇల్లు, ఈ మోటార్‌హోమ్ కట్టడం నేర్పారు. వద్దనడం కూడా నేర్పారు. వెనకాల పెట్రోలు ఇంజను పెట్టిన బండి అమ్మకానికి పనికొస్తుందని రాసే కాగితం మీద ఆయన సంతకం పెట్టలేదు. మూడేళ్లు పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదు? నాకు తెలుసు, తప్పు నాది కాబట్టి. నమూనా బండిలో ఇంజను మీదే పడక. పడుకున్నవాళ్లకు చప్పుడు వినపడకూడదని ఇంజను చుట్టూ దళసరి మెత్తలు కుక్కాను. అందరూ శభాషన్నారు. కొండ దారిలో నేను నడుపుతున్నాను. ఆయన వెనక మంచం చెక్క మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నారు. చెక్క చురుక్కుమందేమో, ఉన్నట్టుండి "ఆపరా!" అని అరిచారు. మూత తీస్తే ఫ్యాను ఆగిపోయి ఉంది, పెట్రోలు గొట్టం మెత్తబడి చెమరుస్తోంది. ముప్పై అడుగుల ముందున్న నాకు వాసన లేదు, చప్పుడు లేదు. పాట పాడుకుంటున్నానమ్మా నేను! ఇంకో రెండు మలుపులు ఎక్కి ఉంటే?

యజమానిగారు ఆయన్ని నిలదీసిన రోజూ నేనక్కడే ఉన్నాను. వెనక పెట్రోలు ఇంజనైతే చవగ్గా వస్తుంది, నడిపేవాడికి రొద ఉండదు, మరి ప్రతి కంపెనీవాడూ ఎందుకు జంకుతున్నాడని అడిగారు. "ఇంజను ముందుంటే ఎదురుగాలే సగం చల్లారుస్తుందండి. వెనక గాలాడదు. డీజిలు అంత తొందరగా అంటుకోదు, పెట్రోలు ఆవిరికి నిప్పురవ్వ చాలు. పైన పిల్లలు పడుకుంటారు" అన్నారు మేస్త్రి. యజమానిగారు పిరికివాడివన్నారు. "అవునండి, భయపడటమే నా ఉద్యోగం" అన్నారు.

అక్కా, మీ ఆయన ఉద్యోగం ఇప్పుడు నాకిచ్చారు. ఆ కాగితం నా బల్ల మీదుంది. రేపు పొద్దున్నకల్లా సంతకం కావాలట. మెత్తలు తీసేశాం, రెండో ఫ్యాను పెట్టాం. అయినా ఎత్తు ఎక్కితే మంచం చెక్క కాలుతూనే ఉంది. మొదటి బండికి ముందే డబ్బు కట్టినవాళ్లకు ఇద్దరు ఆడపిల్లలు. వెనక మంచం నాదంటే నాదని నా ముందే పోట్లాడుకున్నారు. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించడం లేదు. సంతకం పెడితే ఆ పిల్లలేమవుతారో, పెట్టకపోతే నా పిల్లలేం తింటారో. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

యజమానిగారూ, ఆయన ఫోటో ముందు చెబుతున్నాను. నేను పెట్టను. పెట్టనండి.

ఇప్పుడు మేస్త్రి కోసం రెండు నిమిషాలు మాటామంతీ లేకుండా నిలబడదాం. ఇక్కడ నేనొక్కణ్ణే నిలబడి ఉన్నాను. దయచేసి మీరూ లేవండి.