మా అక్క మూడు నిమిషాలు

ఏంటీ, మీ నాయనమ్మ కూర్చున్న బెంచీకి ఆవిడ పేరుతో ఇత్తడి రేకు కొడుతున్నారా? ఆ చర్చిలోనే? బాగుంది. బతికున్నన్నాళ్ళూ ఎప్పుడు కూర్చుంటుందా దేవుడా అని ఎదురుచూశారు, పోయాక శాశ్వతంగా కూర్చోబెడుతున్నారన్నమాట. తమ్ముణ్ణి కాబట్టి ఆదివారం నేను లేచి నాలుగు మాటలు చెప్పాలా? సరే, కూర్చో. అయ్యో, ఆ కుర్చీ కాదే, దాని కాలు ఊగుతుంది. వడ్రంగి ఇంట్లో కుర్చీలన్నీ అలాగే ఏడుస్తాయి.

మా అక్కకి దేవుడు లేడేమోనన్న అనుమానం ఒక్కనాడూ రాలేదు. అదే వచ్చిన చిక్కు. లేడనుకునేవాళ్ళు ఆదివారం హాయిగా ముసుగు తన్ని పడుకుంటారు. ఇది ఉన్నాడని గట్టిగా నమ్మి, స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని మరీ వెళ్ళి పోట్లాడేది. ప్రసంగానికి ముందు సాక్ష్యాలుంటాయి కదా, ఒక్కొక్కళ్ళే లేచి ప్రభువు తమకి చేసిన మేలు చెప్పుకోవడం. ఒకాయన జ్వరం తగ్గిందంటాడు, ఒకావిడ తప్పిపోయిన మేక దొరికిందంటుంది. మా బావ, అదే మీ తాత, పోయిన రెండో ఆదివారం ఇది లేచింది. "ప్రభువా, నీ ఇంటి గోడకి సున్నం వేస్తూ నా మొగుడు నిచ్చెన మీంచి పడి చచ్చాడు. తాగి పడ్డాడన్నాడు నీ సంఘపెద్ద. తాగుబోతుకి లోపల ప్రార్థనేంటని వెనక గోడవారన పూడ్పించాడు. ఆయన చుక్క ముట్టడని నీకు తెలుసు. అంతా చూశావుగా, నోరు విప్పవేం?" అని కూర్చుంది. ఎవరో అలవాటు కొద్దీ ఆమేన్ అన్నాడు. వాళ్ళావిడ మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

ఇంక ప్రతి వారం అదే. పాస్టరు అయ్యగారు మెత్తని మనిషి, "సాక్ష్యమంటే మేలు చెప్పాలమ్మా" అని బతిమాలారు. "మేలు జరగనీండి అయ్యగారూ, అందరికన్నా ముందు నేనే లేస్తా" అంది. అప్పుడు సంఘపెద్ద మనిషికి మూడే నిమిషాలని రూలు పెట్టించాడు. దెబ్బతిన్నది మేక ఆవిడ, పాపం! ఆవిడకి మేక తప్పిపోయేసరికే పావుగంట పట్టేది, దొరికేదాకా ఎవరాగుతారు? మా అక్క ఇంట్లోని అలారం గడియారం తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. రెండు నిమిషాల యాభై సెకన్లకి టక్కున ఆపేసేది. ఇంటికొచ్చి మిగిలిన కోపం గిన్నెల మీద చూపించేదనుకో. "బైబిల్లో యోబు దేవుడితో అన్నేసి అధ్యాయాలు మొత్తుకుంటే అచ్చేసి అమ్ముతున్నారు, నాకు మూడు నిమిషాలా!" అని. పదకొండేళ్ళు సాగిందే! ఏడాదికి యాభై రెండు వారాలు, ఒంట్లో బాగాలేనివి తీసేసినా అయిదొందల పైమాటే. మానెయ్యవే, ఎందుకు వెళ్తావు అన్నాను ఒకసారి. "వీధిలో తిడితే చాడీరా, ఎదురుగా తిడితే ప్రార్థన" అంది.

నిచ్చెనా? చర్చిదే. పద్నాలుగు మెట్లు. తొమ్మిదో మెట్టు చెద తినేసింది, వేలితో నొక్కితే పొడి రాలింది. నాకెలా తెలుసంటావేంటే, చర్చిలో చెక్కపనంతా నాదేగా. వారం ముందే సంఘపెద్దకి చెప్పాను. "ఈ ఒక్క గోడకీ ఆగుతుందిలేవయ్యా, ప్రార్థన చేసుకుని ఎక్కమను" అన్నాడు. బావకి చెప్పడం... మర్చిపోలేదు. రేపు చెబుదాంలే అనుకున్నాను. పడిన సాయంత్రమే ఆ నిచ్చెన చీల్చి పొయ్యిలో పెట్టెయ్యమన్నాడు పెద్ద. పెట్టాను. మర్నాడు కొత్త బెంచీలు నలభై చెయ్యమన్నాడు. చేశాను. మీరు రేకు కొట్టే బెంచీ ఆ నలభైలోదే.

నేను పాటల వాళ్ళతో ముందు, జనం వైపు తిరిగి కూర్చునేవాణ్ణి. అక్క శిలువకేసి చూసి దేవుణ్ణి నిలదీస్తోందనుకునేవాళ్ళంతా. నోరు విప్పవేం అన్నప్పుడు దాని చూపు శిలువ దాకా వెళ్ళేది కాదే. మధ్యలో నా దగ్గరే ఆగేది. మా పొయ్యి పక్కన సున్నం మరకలున్న కర్రముక్క చూసిందిలే. ఇంట్లో మాత్రం ఒక్క మాట అడగలేదు. ఆదివారం మధ్యాహ్నం పిలిచి అన్నం పెట్టేది. ఇంకాస్త వేసుకోరా, చిక్కిపోయావు అనేది.

పెద్ద పోయాడు, అయ్యగారు పోయారు, అదీ పోయింది. ఇంక తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ దేవుడూ. ఆయన ఎలాగూ మాట్లాడడు. ఆదివారం ఎంతసేపు ఇస్తారన్నావు? ఇప్పటికీ మూడు నిమిషాలేనా? ఆ అలారం గడియారం మీ ఇంట్లో ఉందా? పట్టుకురా.

అలా చూడకే. లే, లేచి ఆ ఊగే కుర్చీ ఇలా లాగు. ఎవరైనా పడతారు.