మూడొందల ఇరవై గ్రాములు

కూర్చోకు. నిలబడే ఉండు. ఆ కాగితం ఇంకోసారి చదువు. గట్టిగా చదువు, నాకు వినపడేలా.

పోనీ నేనే చదువుతా, ఇలా ఇవ్వు. ఇవ్వవయ్యా మరిదీ, చించనులే.

"కోచ్ గారికి తెలియకుండా నేను దొంగతనంగా తిన్నాను. పోటీ రోజున నా బరువు పెరగడానికి పూర్తిగా నాదే బాధ్యత. నన్ను క్షమించి మళ్లీ శిక్షణకు తీసుకోవలసిందిగా కోరుతున్నాను."

కోచ్ గారట! నడక రాకముందు నుంచీ నీ భుజాలెక్కి తిరిగిన పిల్ల. సొంత బాబాయ్‌కి అర్జీ పెట్టుకుంది, ఆఫీసరుకి పెట్టినట్టు!

దీన్ని పట్టుకెళ్లి కుస్తీ అసోసియేషన్ వాళ్లకి చూపిస్తావా? ఇది లేకపోతే వచ్చే సెలెక్షన్‌కి దాని పేరు రాసుకోరా? వాళ్లడిగారా, నువ్వే అడిగావా? నా మొహం చూసి చెప్పు.

హుఁ. అదీ సంగతి. నువ్వే అడిగావన్నమాట.

దాన్ని పిలవకు, లేదు. మీ అన్నయ్యకి కళ్లద్దాలు మార్చాలంటే ఇద్దరూ కలిసి వెళ్లారు. గంట దాకా రారు. రాకపోవడమే మంచిది. ఇవాళ నీకూ నాకూ మధ్య మూడో మనిషి ఉండకూడదు.

ఉడత అని పేరు పెట్టిందెవరు దానికి? మర్చిపోయావా? నాలుగేళ్లప్పుడు అది వేరుశనక్కాయని రెండు చేతులతో పట్టుకుని ముందు పళ్లతో కొరికేది. "వదినా, మనింట్లో ఉడత పుట్టింది" అని విరగబడి నవ్వావు. జేబు నిండా పల్లీలు తెచ్చి, గుప్పెళ్లతో దాని గౌనులో పోసేవాడివి. నేను వద్దన్నా వినేవాడివి కాదు. "తిననీ వదినా, తింటేనే గదా బలం" అనేవాడివి.

బలమే వచ్చింది. కాదనను. పదకొండేళ్లకే పక్కింటి పిల్లాణ్ని ఎత్తి కుదేసింది. నువ్వు కుస్తీ నేర్పుతానన్నావు, సరేనన్నా. మీ అన్నయ్య నసిగితే నేనే నచ్చజెప్పా. ఆ షెల్ఫులో ఉన్న కప్పులన్నీ నీ పుణ్యమే. నీకు రావలసిన మంచి పేరు నేను ఎగ్గొట్టను.

కానీ ఈ ఏడాది నీకేం పుట్టింది?

యాభై మూడు కిలోల విభాగంలో ఆ పొడుగు పిల్ల ఉందట. దాన్ని కొట్టలేమట. యాభైకి దిగితే మన ఉడతకి ఎదురే లేదట. పిల్లేమో యాభై నాలుగుంది. నాలుగు కిలోలెంత వదినా, ఆరు నెల్లు కళ్లు మూసుకుంటే చాలు, జట్టులో చోటు, ఆ తర్వాత ఉద్యోగం... ఇలాగే గదా చెప్పావు?

కళ్లు మూసుకోమన్నావు. దాని కళ్లు మూసుకుపోయే దాకా తెచ్చావు.

ఫ్రిజ్ తలుపు మీద నువ్వు అంటించిన లిస్టు నాకు కంఠతా వచ్చు. పొద్దున కాస్త ఓట్స్ జావ, ఎనిమిది బాదం గింజలు, సగం ఆపిల్. పదకొండింటికి నారింజ ఒకటి. మధ్యాహ్నం ఉడకబెట్టిన కూరలు, గుడ్డులో తెల్లసొన. సాయంత్రం అక్రోట్ నాలుగు ముక్కలు, చిన్న గిన్నెడు బొప్పాయి. అంతే. పంతొమ్మిదేళ్ల పిల్లకి! రోజుకి నాలుగ్గంటలు మ్యాట్ మీద దొర్లే పిల్లకి!

పళ్లూ గింజలే గదా, ఇంకో నాలుగు తింటే ఏమవుతుంది అన్నా. నవ్వావు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. "గింజ చిన్నదే వదినా, అందులో ఉన్న నూనె చిన్నది కాదు. ఓ పెద్ద గుప్పెడు జీడిపప్పు తింటే కప్పు అన్నం తిన్నట్టే. ఆరోగ్యం ఆరోగ్యమే, క్యాలరీ క్యాలరీయే" అన్నావు. ఏదో అక్షరం ముక్క రాని దానికి చెప్పినట్టు.

పార్సిల్ ఆఫీసులో పదహారేళ్లుగా కాంటా ముందు కూర్చుంటున్నదాన్ని. డబ్బా చేత్తో ఎత్తి ఎన్ని గ్రాములో చెప్పగలను. నాకు నేర్పుతావా తూకం?

తూకం తెలుసు కాబట్టే చెబుతున్నా, పిల్ల కరిగిపోవడం నీకంటే ముందు నాకే కనపడింది. మండే ఎండల్లో స్వెట్టరేసుకుని కూర్చునేది. తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు. మెట్లెక్కుతూ కళ్లు తిరిగి పడింది. మోకాలు చీరుకుపోయి రక్తం కారుతుంటే నీకు ఫోన్ చేశా. ఏమన్నావు? "మోకాలు వంగుతోందా వదినా?" అన్నావు. అంతే. వంగితే చాలు నీకు.

వరసగా మూడు నెలలు దానికి నెలసరి రాలేదు. మరిదివి, నీతో ఎలా చెప్పేది? అయినా సిగ్గు చంపుకుని చెప్పా. తల తిప్పుకుని, "ఆడేవాళ్లకి అవన్నీ మామూలే" అన్నావు. మామూలా! నీ కడుపున పుట్టిందైతే మామూలు అనేవాడివా?

ఆగు. నీ వంతు వస్తుంది. నన్ను చెప్పనీ.

ఓ ఆదివారం నేను వంటింట్లో నారింజలు ఒలిచి మీ అన్నయ్యకి పెట్టా. తొక్కలు చెత్తబుట్టలో వేశా. కాసేపటికి మళ్లీ వంటింట్లోకి వెళితే, ఇది బుట్ట దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో తొక్క. లోపలుండే తెల్లటి పీచుని పళ్లతో గీక్కుని తింటోంది.

నన్ను చూసి ఏమందో తెలుసా? "బాబాయ్‌కి చెప్పకమ్మా. తొక్క లెక్కలోకి రాదు కదా?"

ఇప్పుడు తల దించుకుంటావేం? అప్పుడు చూడాల్సింది నువ్వు.

ఇక పోటీ రోజు. హాల్లో నేను మూడో వరసలో కూర్చున్నా. ఒక్కో పిల్లా కాంటా ఎక్కి దిగుతోంది. ఇది ఎక్కగానే నీ మొహం మాడిపోయింది. చెమట కక్కేలా కోటు తొడిగి హాలు చుట్టూ అరగంట పరుగు పెట్టించావు. ఎండిన నాలుకతో మళ్లీ ఎక్కింది. యాభై కిలోల మూడొందల ఇరవై గ్రాములు. టైమైపోయిందని బరువులు రాసుకునే అసోసియేషన్ ఆయన, ఆ గళ్లచొక్కా ఆయన, పుస్తకం మూసేశాడు.

సరే, బరువెక్కువని ఆడనివ్వలేదు, ఓడిపోయింది. పక్కకి తీసుకెళ్లి తిట్టు. ఇంటికొచ్చి తిట్టు. చెంపదెబ్బ కొట్టినా కొట్టు. అలా చేశావా?

నలభై మంది పిల్లల ముందు దాని సంచి బోర్లించావు! తువ్వాలు పడింది, బూట్లు పడ్డాయి, చిన్న స్టీలు డబ్బా పడింది. డబ్బాలో ఐదు బాదం గింజలు. అప్పటికి నువ్వు ఎనిమిదిని ఐదు చేశావు గదా. ఆ ఐదూ అలాగే ఉన్నాయి. ఆ పూట వాటిని కూడా ముట్టలేదు పిచ్చిది.

అయినా నీకు నమ్మకం కుదర్లేదు. "నోరు తెరువు" అన్నావు. నోరు వాసన చూశావు మరిదీ! పశువుల సంతలో పళ్లు చూసినట్టు. "తిండి దొంగ" అన్నావు. అందరూ నవ్వారు.

"ఒట్టు బాబాయ్, నేనేం తినలేదు" అంది. నువ్వు వినలేదు. అప్పుడది తలెత్తి నాకేసి చూసింది. "అమ్మా, నువ్వు చెప్పు" అంది.

నువ్వూ నాకేసి చూశావు. "వదినా, ఇంట్లో నువ్వేమైనా పెట్టావా?" అన్నావు.

నేనేమన్నానో గుర్తుందా? గుర్తుండే ఉంటుంది. "నేనా? నీ లిస్టులో ఉన్నది తప్ప మెతుకు పెట్టలేదు" అన్నా. అందరూ విన్నారు. గళ్లచొక్కా ఆయన కూడా విన్నాడు.

అబద్ధం.

అవును, అబద్ధం. ఏంటలా గుడ్లప్పగించి చూస్తావు? నేనే పెట్టా.

ఆ నారింజ తొక్కల మర్నాడే మొదలుపెట్టా. అది పొద్దున్నే పరుగుకి వెళ్లగానే మిక్సీ వేసేదాన్ని. బాదం, జీడిపప్పు, వేయించిన పల్లీలు. మెత్తగా పొడి చేసి, జల్లించి, పప్పుల డబ్బాల వెనకాల దాచా. రోజూ ఓట్స్ జావలో రెండు చెంచాలు. ఖర్జూరం నానబెట్టి రుబ్బి అదీ కలిపేదాన్ని. "ఈమధ్య జావ భలే ఉంటోందమ్మా" అనేది. ఆ మాట వింటే నా కడుపు నిండేది.

మొహానికి రంగొచ్చింది. నెలసరి వచ్చింది. ఎవరికీ చెప్పకుండా నాలో నేనే పండగ చేసుకున్నా.

కాంటా మాత్రం యాభైకి దిగలేదు. నువ్వు బాదం ఐదు చేశావు. నేను పొడి మూడు చెంచాలు చేశా. నువ్వు నారింజ తీసేశావు. నేను నాలుగు చెంచాలు చేశా. నువ్వు పరుగు పెంచితే నేను ఖర్జూరం పెంచా. మనిద్దరం పంతం పట్టి ఆడాం మరిదీ. మధ్యలో పిల్లుంది.

అది ఏడ్చేది. "ఇంత తక్కువ తిన్నా ఎందుకు తగ్గట్లేదమ్మా? నా ఒంట్లో ఏదో లోపముంది" అని నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చేది. తల నిమిరేదాన్ని. మర్నాడు పొద్దున మళ్లీ కలిపేదాన్ని.

తెలియక చేశానంటానా? అనను. నాలుగు చెంచాల పొడి ఎన్ని గ్రాములో నా చేతికి తెలుసు. నువ్వు చెప్పిన గుప్పెడు జీడిపప్పు లెక్క కూడా తెలుసు. తల్లి మనసు ఆగలేదంటే నలుగురూ అయ్యో అంటారు. ఆ అయ్యో నాకక్కర్లేదు. ఓడిపోతే ఇంటికొస్తుంది, ఆ కుస్తీ మానేస్తుంది, కడుపు నిండా తింటుంది అనుకున్నా. ఓడిపోవాలనే అనుకున్నా. విన్నావా? ఇన్నాళ్లూ ఈ మాట నాకు నేనే చెప్పుకోలేదు.

కానీ నువ్వు దాన్ని దొంగంటావనుకోలేదు. నువ్వలా అన్నప్పుడు నేను అబద్ధమాడతాననీ అనుకోలేదు.

తిట్టు. తిట్టాలని ఉంది గదా? ఉండు, ఇంకొకటుంది, అదీ విని తిట్టు.

ఇప్పుడా కాగితం కింద తేదీ చూడు. శుక్రవారం.

దానికి ముందు రోజు, గురువారం, అది వంటింట్లో పంచదార వెతుకుతోంది. నేను గుమ్మంలో ఉన్నా. పప్పుల డబ్బాల వెనక్కి చెయ్యి పోయింది. ఆ డబ్బా తీసింది. మూత తీసి వాసన చూసింది. వేలితో కొంచెం తీసి నాలిక మీద వేసుకుంది. అది ఉడత, మరిదీ. గింజ రుచి దానికొకరు చెప్పాలా?

తర్వాత మూత పెట్టి, డబ్బాని ఎక్కడిది అక్కడ సర్దింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. అరుస్తుందనుకున్నా. డబ్బా నా మొహాన కొడుతుందనుకున్నా. "పంచదార ఎక్కడుందమ్మా?" అంది. అంతే.

మర్నాడు ఇది రాసి నీకిచ్చింది.

అర్థమైందా నీకు? అడిగింది నువ్వే. కానీ నీకు భయపడి రాయలేదది. ఎవరో ఒకరు దొంగ అనిపించుకోవాలి గదా. నన్ను అనకుండా ఉండాలని, నాకు ఇంట్లో, నీ ముందు, వాళ్ల నాన్న ముందు తలవంపులు రాకూడదని, తనే రాసేసుకుంది.

గొప్ప మనసని మురిసిపోమంటావా? మురిసిపోదామనే నిన్న ఆపిల్ కోసి పట్టుకెళ్లా. ప్లేటు వైపు చూసింది. "నేను కోసుకుంటాలే అమ్మా" అంది. మెల్లగా, మర్యాదగా. ఫ్రిజ్‌లోంచి ఇంకోటి తీసి, తనే కడుక్కుని, తనే కోసుకుని తింది. ఓట్స్ తనే కాచుకుంటోంది. గిన్నె దగ్గరే నిలబడి, దించేదాకా కదలట్లేదు. నేను వంటింట్లోకి వెళితే గిన్నె మీద మూత పెడుతోంది.

నువ్వు దాన్ని తొక్క లెక్కపెట్టే దాకా తెచ్చావు. నేను తల్లి వండినా అనుమానించే దాకా తెచ్చా. ఇద్దరిలో ఎవరు ఎక్కువ? నువ్వే చెప్పు.

ఏడవకు. నీ ఏడుపు చూసే ఓపిక నాకు లేదు. నీ మీద కోపం పోయిందనుకుంటున్నావేమో, ఆవగింజంత కూడా పోలేదు.

ఈ కాగితం నా దగ్గరే ఉంటుంది. సోమవారం సెలవు పెట్టా. నీతో అసోసియేషన్ ఆఫీసుకొచ్చి, ఇందాక చెప్పినదంతా ఆ గళ్లచొక్కా ఆయన ముందు చెబుతా. మీ అన్నయ్యకి ఇవాళే చెబుతా. నువ్వు మాత్రం దాన్ని దొంగన్న చోటే, ఆ పిల్లలందరి ముందే, కాదని చెప్పు. రెండూ జరగాలి.

ఆ తర్వాత మళ్లీ నేర్పుతావో మానేస్తావో నీ ఇష్టం. యాభైలో ఆడుతుందో, యాభై మూడులో ఆడుతుందో, అసలు మ్యాటే తొక్కదో దాని ఇష్టం. నా ఇష్టమా? నా ఇష్టం అడిగేవాళ్లు ఈ ఇంట్లో లేరిప్పుడు. దాని స్థానంలో ఉంటే నేనైనా అడగను.